రెండో సంచీ

మా ఇంటి యజమానురాలికి మీ ఆయన ప్రేమతో రాసేది,

ఇక్కడ ఇల్లూ, షాపూ, నేనూ ఉన్నచోటే ఉన్నాం. ఒంట్లో నాకు బాగానే ఉంది. అక్కడ నువ్వూ, వదినగారూ కులాసాగా ఉన్నారని రాద్దామనుకున్నాను గానీ, మీ అక్క మళ్ళీ బాత్రూములో జారిపడ్డారని నువ్వు రాశాక ఇంక కులాసా ఎక్కడిది! అతుక్కుంటున్న తుంటి మళ్ళీ కదిలిందంటే ఎంత నరకమో. నా మాటగా ఆవిడకు చెప్పు, చేతికర్ర ఇచ్చింది గోడకు ఆనించి చూసుకోవడానికి కాదని. నువ్వు చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. నేనన్నానంటే, నన్ను తిట్టుకోవడానికైనా గుర్తుపెట్టుకుంటారు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అయిదారుసార్లు చదివాను. అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. ఏదైనా ఎగ్గొట్టానంటే నీకు ఇట్టే దొరికిపోతాను, పదహారేళ్ళ కాపురం మరి.

వంటింటి సీలింగు ఇంకా కారుతూనే ఉంది. ప్లంబరు వచ్చి, స్టూలెక్కి, అక్కడా ఇక్కడా తట్టి చూశాడు. "ఇది మీ పైపు కాదు సార్, పైవాళ్ళ బాత్రూము" అన్నాడు. పైకెళ్ళి అడిగితే, "మా బాత్రూము పొడిగానే ఉంది. మీ చేపల తొట్ల తేమే పైకెక్కుతోందేమో" అన్నారు వాళ్ళు. నువ్వు ఉండి ఉంటే ఆ మాటకి వాళ్ళని దులిపి ఆరేసేదానివి. నేను మాత్రం కిందకి వచ్చేశాను. ఈమధ్య చేపల మాట ఎవరెత్తినా అక్కణ్ణించి తప్పుకుందామనిపిస్తోంది. కారే చోట బక్కెట్టు పెట్టాను.

మోకాలు నొప్పిగానే ఉంది. మాత్ర వేసుకుంటున్నాను. దాని గురించి ఇంతకంటే రాయడానికేం లేదు.

"ఉత్తరాలేంటే ఈ కాలంలో, ఫోను చేస్తే అయిదు నిమిషాల పని కదా అని అక్క నవ్వుతోంది" అని రాశావు. ఫోనులో మైకు పాడైందని నేనే నీకు రాశాను. వాచీలో వెంట్రుకంత స్ప్రింగు పోతే పెట్టగలిగినవాడు మూడు నెలలుగా ఒక ఫోను మైకు బాగుచేయించుకోలేకపోయాడంటే నువ్వెలా నమ్మావో నాకు అర్థం కాదు. నమ్మావు. అదే నా ప్రాణం తీస్తోంది. మైకుకి ఏ రోగమూ లేదు. నా గొంతు వింటే నీకు తెలిసిపోతుందని ఆ మాట రాశాను. ఏం తెలిసిపోతుందో చెబుతాను. కాస్త ఆగు, నన్ను కూడదీసుకోనీ.

ఇక నీ ఆఖరి ప్రశ్న. నీ మాటల్నే ఇక్కడ ఎత్తి రాస్తున్నాను: "నేను రావడానికి ఇంకో రెండు నెలలు పట్టేట్టుంది. రెండో సంచీ మీద తేదీ వేశాను కదా, ఆ రోజు పొద్దున అదీ మీరే తడిపేయండి. భయపడకండీ. ఏదైనా తేడా చేసినా కొంప మునిగేదేం లేదు, తొట్లలో పెద్దవి ఉన్నాయిగా, మళ్ళీ పెడతాయి."

షాపులో స్టూలు మీద కూర్చుని చదివాను. ఎదురుగా ఒకావిడ వాచీ చేతికిచ్చి దాని జబ్బంతా చెబుతోంది. ఊఁ ఊఁ అంటూ విన్నాను గానీ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఆవిడ వెళ్ళాక చూస్తే ఆ వాచీ చక్కగా నడుస్తోంది. దేనికిచ్చిందో ఇప్పటికీ తెలీదు.

పోయిన నెల మన బస్సు డ్రైవరు వాచీ బెల్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు అడిగాడు, "ఏం సార్, మీ ఇంట్లో చేపల్ని సంచీల్లో దాచి పెంచుతారటగా?" అని. ఎవరు చెప్పారో ఏమో. చేపల్ని కాదు, గుడ్లనీ, వీటిని కిల్లీఫిష్ అంటారనీ చెప్పాను. ఎండాకాలం ఎండిపోయే నీటిగుంటల్లో బతికే చేపలు. గుంట ఎండేలోపే పుట్టి, పెరిగి, అడుగున బురదలో గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. ఆ గుడ్లు పొడి మట్టిలో నెలల తరబడి పడుంటాయి, వాన పడితే గంటలో పిల్లలవుతాయి. "అంటే అమ్మానాన్నా పిల్లల ముఖం చూడరన్నమాట" అన్నాడు. "మరి మీ ఇంట్లో వానెక్కడిది?" అనడిగాడు. ఇంట్లో మట్టి బదులు కొబ్బరి పొట్టు వేస్తామనీ, గుడ్లు పడ్డాక దాన్ని పిండి, ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచీలో కట్టి తేదీ వేస్తామనీ చెప్పాను. "మా ఆవిడ ఏ రోజు పడమంటే ఆ రోజు వాన పడుతుంది" అన్నాను. పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. అతను అటు వెళ్ళగానే షట్టరు సగం దించి లోపల కూర్చున్నాను.

ఎందుకంటే ఏమోయ్, తొట్లలో పెద్దవి లేవు. ఒక్కటి కూడా లేదు. మూడు నెలల కిందటే అన్నీ పోయాయి.

నువ్వు వెళ్ళిన ఆరో వారం, ఆదివారం పొద్దున. తొట్టి అడుగున చెత్త తీసే గాజు డ్రాపరు నా చేతిలోంచి జారి పగిలింది. వీధి చివరికెళ్ళి కొత్తది తెచ్చుకుంటే సరిపోయేది. నాకేమో పొగరు. షాపులో నా దగ్గర రబ్బరు బుడ్డీ ఉన్నవి అరడజను ఉన్నాయి, ఒక్కొక్కదాని మొన సూదిలా ఉంటుంది, వీటి ముందు నీ డ్రాపరెంత అనుకున్నాను. గడియారం చక్రాలు కడిగేటప్పుడు పెట్రోలు వేసేది వాటితోనే. ఒకటి తెచ్చి వేణ్ణీళ్ళతో మూడుసార్లు కడిగాను. వాసన చూశాను, రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా పెట్రోలులో నానిన ముక్కుకి పెట్రోలు వాసన తెలుస్తుందా? ఆ ఆలోచన నాకు తట్టనే లేదు. రబ్బరు ఒకసారి తాగిన పెట్రోలుని అంత తొందరగా వదలదని నాకు తెలుసు, గడియారాల విషయంలో బాగా తెలుసు. చేపల దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏ గంగలో కలిసిందో.

"ఒక తొట్టి సామాను ఇంకో తొట్టిలో పెట్టకండి" అని గోడ మీద నీ చేత్తో రాసిపెట్టావు. అది రోగాల కోసం కదా, ఇప్పుడే రోగమూ లేదు కదా అనుకున్నాను. ఏడు తొట్లూ అదే డ్రాపరుతో, అడుగున నలుసు మిగలకుండా, గడియారం విప్పి శుభ్రం చేసినట్టు చేశాను. చేసి, వెనక్కి జరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసుకుని మురిసిపోయాను కూడా.

మధ్యాహ్నం చూస్తే నీ నీలం దొర, ఆ పెద్ద మగది, నీటి పైకొచ్చి నోరు తెరుస్తున్నాడు. పక్క తొట్లో ఆడవి ఒరిగి ఈదుతున్నాయి. నీలం డ్రమ్ములో నువ్వు నిలవ ఉంచమన్న నీళ్ళు మూడు తొట్లకే సరిపోయాయి. మిగతా వాటికి కుళాయి నీళ్ళు పట్టాను, క్లోరిన్ ఉంటుంది, వద్దని తెలిసీ పట్టాను, ఇంకేం చేయను? ఒక్కొక్కదాన్నే చేతిలోకి తీసి మంచి నీళ్ళలో అటూ ఇటూ ఊపాను. దొర నా అరచేతిలో ఒకసారి ఎగిరాడు. బతికాడనుకున్నాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇరవై ఆరూ పోయాయి.

వెంటనే నీకు చేద్దామని ఫోను తీశాను. ఆ రోజే వదినగారికి రెండో ఆపరేషను. నువ్వు ఆస్పత్రి వరండాలో ఉన్నావు. ఇప్పుడెలా చెప్పను అనుకుని ఫోను పక్కన పెట్టేశాను. ఆ "ఇప్పుడెలా" మర్నాడూ ఉంది, ఆ మర్నాడూ ఉంది. వారం తిరిగేసరికి అది నాకు అలవాటైపోయింది.

తర్వాత నీకు మూడు ఉత్తరాలు రాశాను. మూడింట్లోనూ చేపలు భేషుగ్గా ఉన్నాయన్నాను. నువ్వు ఏది అడిగితే దానికి తగ్గట్టు అల్లుకుంటూ పోయాను. చిన్న మగదానికి తోక అంచున నల్లచార వచ్చిందని రాశాను చూడు, అది అబద్ధం. అప్పటికే అది లేదు. ఆ చార గురించి నువ్వు పేజీన్నర సంతోషపడ్డావు. "మనకి గుడ్లిచ్చిన పెద్దాయన మొదట పట్టిన చేపకి ఉండేదట ఆ చార. ఇన్నేళ్ళకి మళ్ళీ వచ్చిందండీ, నాకు ఏడుపొస్తోంది" అని రాశావు. ఆ పేజీన్నర చదువుతుంటే నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ఆ కళ్ళజోడు పెద్దాయన నీకు చెంచాడు పొట్టు కాగితంలో కట్టి ఇచ్చినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను, కొత్తగా పెళ్ళయిన రోజులు. రైలు కట్ట పక్క గుంటలో పట్టిన చేపల గుడ్లవి. "గుంట పూడ్చేస్తున్నారమ్మా, జాగ్రత్త" అన్నాడు. ఇప్పుడక్కడ లారీలు ఆగుతాయి. పెద్దాయనా పోయాడు. నువ్వు మాత్రం ఏటా గుడ్లు, ఏటా పిల్లలు, ఒక్క ఏడు కూడా తెగనివ్వలేదు. జ్వరంలో కూడా లేచి చేపపిల్లల మేతకి రొయ్యపిల్లల సీసా కలిపేదానివి. "చేపలతో కాపురం చేస్తున్నావా నాతోనా" అని నేను విసుక్కుంటే, "మీరైతే నేను లేకపోయినా బతుకుతారు" అనేదానివి.

పెద్దాయన దగ్గర గుడ్లు తీసుకున్నవాళ్ళు ఇంకా ముగ్గురున్నారని నువ్వు అంటుండేదానివి కదా. నీకు తెలీకుండా ముగ్గురికీ రాశాను. ఊరికే యోగక్షేమాలు అడుగుతున్నట్టు. బేకరీ ఆయన దగ్గర నాలుగేళ్ళ కిందటే పోయాయట. మందుల షాపావిడ ఇల్లు మారినప్పుడు సంచీలు పోగొట్టుకుందట. తెల్లగడ్డం మాస్టారు రాశారు: "నా దగ్గర పోయిన ఏడాదే చివరివి పోయాయి. ఇక ఇవి బతికున్నది మీ ఇంట్లోనేనండీ. ఆవిడ చేతిలో ఉన్నాయి గనక నాకు బెంగ లేదు." ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు వీధులు ఊరికే నడిచాను.

ఇంతవరకూ రాసింది ప్రమాదం. చేతకానితనం అను, పొగరు అను, పడతాను. ఇప్పుడు రాసేది ప్రమాదం కాదు. నిలబడి చదువుతుంటే కూర్చో.

పెద్దవి పోయినా నీ రెండు సంచీలూ బీరువాలో భద్రంగానే ఉన్నాయి. వాటి జోలికి వెళ్ళకుండా తేదీల దాకా ఆగితే చాలు, మళ్ళీ అన్నీ వచ్చేవి. అది నాకు తెలుసు. అలాగే ఆగాను కూడా. ఈలోగా నీ ఉత్తరం వచ్చింది, "అక్క కర్ర పట్టుకుని నడుస్తోంది, నెలన్నరలో వచ్చేస్తాను" అని. నువ్వు వస్తావు, తాళం తీస్తావు, ఏడు ఖాళీ తొట్లు చూస్తావు. మొదటి సంచీ తేదీకి ఇంకా ఇరవై మూడు రోజులుంది. ఆ తేదీకి తడిపితే, నువ్వొచ్చేసరికి పిల్లలు కనీకనపడనంత ఉంటాయి. ఇప్పుడే తడిపితే, నువ్వొచ్చేసరికి రంగు తిరుగుతాయి. "పెద్దవి ముసలివై పోయాయి, ఇవి వాటి పిల్లలు" అని ఒక్క మాట చెప్పి గట్టెక్కొచ్చు.

భూతద్దం కంట్లో ఇరికించుకుని సంచీ విప్పాను. చాలా గుడ్లు ఖాళీ గాజుపూసల్లా ఉన్నాయి. కొన్నింట్లో మాత్రం కళ్ళు లేతగా, రెండేసి చుక్కలు. "కంటి చుట్టూ బంగారు రింగు కనపడేదాకా నీళ్ళు చూపించకూడదు" అని నువ్వే నాకు నేర్పావు. ఆ మాట చెవిలో గంటలా వినపడుతూనే ఉంది. విన్నాను. విని కూడా తడిపాను. నీ చేపల కోసం కాదు, నా అబద్ధం కోసం.

గంటన్నరలో పిల్లలు బయటికొచ్చాయి. ముప్ఫై ఏడు లెక్కపెట్టాను. వంటింట్లో ఒక్కణ్ణే నిలబడి చప్పట్లు కొట్టాను, నమ్ముతావో లేదో. కాసేపటికి చూస్తే ఒక్కటీ పైకి లేవడం లేదు. పుట్టిన పిల్లకి కడుపులో గాలితిత్తి నిండాలి కదా, అప్పుడే కదా తేలి ఈదేది. వీటికి నిండలేదు. పళ్ళెం అడుగున పొట్ట ఆనించి పాకుతున్నాయి. తోక ఆడించి ఆడించి అంగుళం లేస్తాయి, మళ్ళీ కిందపడతాయి. నెలలు నిండకుండా నేనే వాటిని బయటికి లాగాను.

షాపు మూసేశాను. "మరమ్మతు పని మీద మూయబడినది" అని బోర్డు కూడా తగిలించాను, నా మొహానికి! పళ్ళెంలో నీళ్ళు గోరు మునిగేంత ఉంచాను, పైకి రావడానికి దూరం తక్కువైతే లేస్తాయేమోనని. పళ్ళెం ఒక పక్కకి వంచాను. రొయ్యపిల్లల్ని సన్నటి కుంచెతో ఒక్కొక్కదాని మూతి ముందు వదిలాను. తిన్నాయి. పొట్టలు నారింజ రంగులోకి తిరిగాయి. తిని, మళ్ళీ పాకడం మొదలుపెట్టాయి. రోజుకు నాలుగైదు చొప్పున పోతూ వచ్చాయి.

ఆఖరిది తొమ్మిది రోజులు బతికింది. దానికి నేను వస్తున్నానని తెలిసిపోయేది, కుంచె కనపడగానే నా వైపు దేక్కుంటూ వచ్చేది. గడియారం నడవకపోతే విప్పి చూస్తాను, ఎక్కడ పట్టేసిందో కనిపెడతాను. దీన్ని ఎక్కడ విప్పను? భూతద్దంలో చూస్తే దాని గుండె కొట్టుకోవడం కూడా కనపడేది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం కుంచె పెట్టాను, కదల్లేదు. నేను వంటింటి గట్టు పట్టుకుని బావురుమన్నాను. మా నాన్న పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

ఇంకొకటుంది, అదీ విను. మొదటి సంచీలోని పొట్టంతా తడిసిపోయింది, ఇంకెందుకులే అని కిందింటి సంగీతం టీచరుగారి గులాబీ కుండీలో పోసేశాను. మూడు వారాలకి మాస్టారి దగ్గర్నుంచి ఇంకో జవాబు వచ్చింది. తొందరపడి తడిపితే ఏమవుతుందని ఊరికే అడుగుతున్నట్టు అడిగాను లే. "కంగారేం లేదు. కళ్ళు రాని గుడ్లు అలాగే ఉండిపోతాయి. పొట్టు మళ్ళీ పిండి ఆరబెట్టి దాచండి, నెల తర్వాత తడపండి, సగం దక్కుతాయి" అని రాశారు. అది చదివిన మనిషిని చదివినట్టే మెట్లు దిగాను. కుండీ బోర్లించి రెండు చేతులతో కెలుకుతున్నాను. టీచరుగారు తలుపు తీశారు.

"ఏవండీ, నా గులాబీ మీకేం అపకారం చేసింది?"

"మొక్క కాదండీ, నాకు మట్టి కావాలి."

"మట్టి కావాలంటే వీధి నిండా ఉందిగా!"

"ఈ మట్టే కావాలండీ" అన్నాను, మట్టి చేత్తోనే కళ్ళు తుడుచుకుంటూ. ఆవిడ లోపలికెళ్ళి పాత పేపర్లు తెచ్చి పరిచి, చదువుకునే కళ్ళజోడు పెట్టుకుని నా పక్కన చతికిలబడ్డారు. ఇద్దరం చెంచాలతో వెతికాం. అరగంట అయ్యాక "ఇంతకీ మనం దేనికోసం వెతుకుతున్నామండీ?" అని మెల్లిగా అడిగారు. పదకొండు గుడ్లు దొరికాయి. పదకొండూ తెల్లబడి బూజు పట్టాయి. మొక్కకు రోజూ నీళ్ళు పోశారు కదా ఆవిడ, పాపం ఆవిడ తప్పేముంది.

ఆ మర్నాడే, మంగళవారం, నీ ఉత్తరం. వదినగారు మళ్ళీ పడ్డారు, ఇంకో రెండు నెలలు రాలేవు. నేను ఏ తేదీని చూసి భయపడి అంత పాపం చేశానో ఆ తేదీయే లేదిప్పుడు. ఆగి ఉంటే చాలు. ఊరికే చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే చాలు. ఒక్క నిజం చెప్పి ఉంటే ఆ ముప్ఫై ఏడూ ఇవాళ ఈదుతుండేవి.

మిగిలింది రెండో సంచీ. అంతే. అందులో ఉన్నవి పోతే ఇంక ఎక్కడా లేవు, ఎవరి దగ్గరా లేవు, ఆ గుంట చేపలన్న మాటే ఉండదు. నువ్వేమో "మీరే తడిపేయండి, భయపడకండీ" అన్నావు. నిన్న బల్ల మీద పెట్టి ముడి విప్పబోయాను. చెయ్యి వణికింది. ఎప్పుడైనా చూశావా నా చెయ్యి వణకడం? ఆడవాళ్ళ వాచీలో ఆవగింజంత స్క్రూ ఊపిరి బిగపట్టకుండా పెడతాను నేను. నిన్న ముడి విప్పలేక సంచీని అలాగే గుండెకి ఆనించుకుని కూర్చున్నాను. బయటి నుంచే భూతద్దంతో చూశాను. కళ్ళొచ్చాయి. నల్లటి కళ్ళు, చుట్టూ బంగారు రింగు. గుడ్డులోపల పిల్ల ఒకసారి కదిలింది కూడా. వేళకు సరిగ్గా వస్తున్నాయి, నువ్వు వేసిన తేదీలో ఒక్క రోజు తేడా లేదు. నేను తడపను. నన్ను నేను నమ్మను.

ఈ కవరు మీద స్టాంపు లేదని గమనించావా? పోస్టు మీద కూడా నాకు నమ్మకం లేదు. పార్సెళ్ళు ఎక్కడెక్కడ ఎండలో పడేస్తారో. రేపు పొద్దున మొదటి బస్సు ఎక్కుతున్నాను. మధ్యాహ్నానికి మీ అక్కగారి ఇంటికి చేరతాను. తలుపు కొట్టి, ఈ కాగితాలు నీ చేతికిచ్చి, నువ్వేమైనా అడిగేలోపే మెట్లు దిగి కింద కూర్చుంటాను. నోటితో చెప్పలేను, చెబుదామని అద్దం ముందు నిలబడి చూసుకున్నాను, మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాను. నువ్వు ఇది చదువుతున్నంతసేపూ నేను అక్కడే ఉంటాను.

సంచీ నా దగ్గరుంది. ఖరీదైన గడియారాలు పంపే చెక్కపెట్టెలో దూది పరిచి పెట్టాను. దారి పొడుగునా ఒళ్ళోనే ఉంటుంది. నీలం డ్రమ్ములో నాలుగు రోజులు నిలవ ఉంచిన నీళ్ళు అయిదు లీటర్లు తెచ్చాను. పళ్ళెం, గాజు డ్రాపరు, కుంచె, రొయ్య గుడ్ల డబ్బా, గాలి మోటారు అన్నీ కొత్తవి, అన్నీ టీచరుగారి చేత వాసన చూపించాను. షాపు వస్తువు ఒక్కటీ లేదు. చొక్కా కూడా షాపుకి వేసుకునేది కాదు.

నువ్వు నన్ను ఏమన్నా పడతాను. ఇంక నీ ముఖం చూడనన్నా ఏమీ అనలేను, నీకా హక్కుంది. క్షమించమని అడగడానికి నాకే సిగ్గుగా ఉంది. ఒక్కటి మాత్రం మర్చిపోకు. నువ్వు వేసిన తేదీ, నువ్వు ఇది చదువుతున్న ఈ రోజే. కోపమొచ్చి తలుపు వేసుకుని ఏడుస్తూ కూర్చుంటే రోజు దాటిపోతుంది. నా కోసం తలుపు మొత్తం తెరవక్కర్లేదు. చెయ్యి ఒక్కటి బయటికి చాపు, పెట్టె అందిస్తాను. నీళ్ళు గడప దగ్గర పెడతాను.

ఇట్లు,
కింద మెట్ల మీద,
మీ ఆయన